జామకాయకు అతికిన పన్ను

నలుగురు పెద్ద డాక్టర్లు ఇస్త్రీ కోట్లు నలగకుండా వరసగా కూర్చుని చూస్తుండగా, నా నోట్లో ఉండాల్సిన ముందుపన్ను ముక్క జామకాయకి అతుక్కుని బయటికి వచ్చేసింది. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో, దానివల్ల ఒక మహాతల్లి పని ఎలా గంగలో కలవబోయిందో చెబుతాను. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే కాస్త నవ్వి ఉంచుకోండి. తర్వాత ఊపిరి అందదు.

నిజానికి ఈ సంగతి నాతోనే పోనిద్దామనుకున్నాను. మొన్న తార్నాకలో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. కుర్రాడు. నా పంటి మీద ఏదో జెల్ రాసి, కడిగి, ఆరబెట్టి, ఇంకేదో పూసి, నీలం లైటు వేశాడు. వేసినవాడు ఊరుకోవచ్చు కదా! "అంకుల్, ఇది లేటెస్ట్ టెక్నాలజీ. మీ టైమ్‌లో అయితే పన్ను విరిగితే పీకేయడమే" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటి నిండా దూది ఉంది కాబట్టి బతికిపోయాడు. లేటెస్టట! నాయనా, మీ నాన్న నిక్కరు జారకుండా ఒక చేత్తో పట్టుకుని తిరిగే రోజుల్లోనే, నీ క్లినిక్‌కి కూతవేటు దూరంలో ఆ పని ఇదే పంటి మీద జరిగింది. నీలం లైటు ఒక్కటే తక్కువ.

అరవైల చివరి మాట. యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్లే దారిలో, తార్నాక మూల మీద నాకొక సైకిల్ టాక్సీ దుకాణం ఉండేది. అంటే సైకిళ్లు గంటల లెక్కన అద్దెకివ్వడం, పంచర్లు వేయడం. కాపురం వారాసిగూడలో. బడిలో చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా దుకాణంలోనే. చిల్లర లేని విద్యార్థి తన పుస్తకం నా దగ్గర పెట్టి సైకిలు తీసుకుపోయేవాడు. వాడు తిరిగొచ్చేదాకా పుస్తకం నాది. మీరు నవ్వుతున్నారు. నేను అలా చదివినన్ని పుస్తకాలు ప్రొఫెసర్లు కూడా చదివి ఉండరు. కాకపోతే ఒక్క చిక్కు. నా జ్ఞానం ఎలకలు కొట్టిన గోనెసంచిలా తయారైంది. ఆమ్లాల గురించి అడిగితే అలుపు లేకుండా మాట్లాడేవాణ్ణి. క్షారాల దగ్గరికి వచ్చేసరికి పుస్తకం సొంతదారుడు వచ్చి విడిపించుకుపోయాడు. ఒక రాజు యుద్ధానికి బయలుదేరాడని చదివాను. గెలిచాడో, పోయాడో ఈనాటికీ నాకు తెలియదు.

ఒకరోజు ఒక సైకిలు వాల్వు నట్టు బిగుసుకుపోయింది. పానా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కానీ చెయ్యి చాపడానికి బద్ధకం. పళ్లతో పట్టి తిప్పాను. నట్టు రాలేదు, పన్ను వచ్చింది. ముందుపన్ను మూల ఏటవాలుగా ఎగిరిపోయి, నోరు తెరిస్తే మూల విరిగిన పలకలా కనబడేది. క్యాంపస్ పిల్లలు ఊరుకుంటారా?

"యాదగిరన్నా, నీ పంటికే పంచర్ అయింది గదనే! ప్యాచ్ ఏసుకోరాదూ?"

"నవ్వకే అన్నా, గాలి పోతది!"

నవ్వడం మానేశాను. నవ్వకపోతే నేనెంత గంభీరంగా కనిపిస్తానంటే, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు నన్ను "సార్" అన్నారు.

అలాంటి రోజుల్లో మా దుకాణానికి డాక్టర్ వేదవతి వచ్చింది. క్యాంపస్ ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన పళ్ల డాక్టరు. కర్నూలు మనిషి. తెల్లకోటు చేతికి వేసుకుని, చీర కుచ్చిళ్లు బిగించి, పంచరైన సైకిలును తనే నడిపించుకుంటూ వచ్చింది. స్టూలు వేస్తే కూర్చోలేదు. నా భుజం మీదుగా వంగి, నా పని చూస్తూ నిలబడింది. నేను ట్యూబుకు చిల్లు పడ్డ చోట ఉప్పుకాగితంతో రుద్దుతున్నాను.

"ఎందుకప్పా, ఉన్నదాన్ని ఇంకా అరగదీస్తాండావు?"

"నున్నగుంటే ప్యాచ్ పట్టదమ్మా. గరుకు జెయ్యాలె. సొల్యూషన్ గా గరుకుల దిగి పట్టుకుంటది."

నేను రుద్దిన చోటును ఆమె వేలితో తడమబోయింది. నేను ఎగిరి గంతేశాను.

"ముట్టకున్రి అమ్మా! ఏలికి నూనె ఉంటది. ఇంత నూనె తగిలిందంటే గా ప్యాచ్ మీరు గేటు దాటకముందే ఊడి చేతికొస్తది!"

ఈ మాట గుర్తుంచుకోండి. అన్నది నేనే. నా నోటితోనే అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వింది. "నేను పంటికి చేసే పని కూడా ఇదే కదప్పా! ఏదీ, నీ నోరు తెరువు."

తెరిచాను. విరిగిన పన్నును అటు నుంచి, ఇటు నుంచి చూసింది. బేరానికొచ్చిన ఎద్దును కూడా అంత శ్రద్ధగా చూడరు. తర్వాత ఆమె చెప్పిన మాటలు నాకు ఇవాళ్టికీ కంఠతా వచ్చు.

"పంటి పైన ఎనామెల్ అని ఒక పొర ఉంటాది. మన ఒంట్లో దాన్ని మించిన గట్టిది లేదు. గాజు మాదిరి నున్నగా ఉంటాది. దాని మీద రెజిన్, అంటే ప్లాస్టిక్ అనుకో, ఊరికే పెడితే జారిపోతాది. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే చాలదు. అందుకని కొంచెం యాసిడ్ అద్దుతాము. అది కంటికి కనపడని గుంతలు తవ్వుతాది. కడిగి, బాగా ఆరబెట్టి, రెజిన్ పల్చగా ఉన్నప్పుడే పూస్తే ఆ గుంతల్లోకి దిగుతాది. దిగినాక గట్టిపడుతాది. ఇంక అది యాడికి పోతాది చెప్పు?"

"అంటే, అంటుకునుడు కాదు. చెట్టు ఏర్లు దిగినట్టు దిగి పట్టుకునుడు."

"అదీ! సగం మంది డాక్టర్లకు ఎక్కని మాట నీకు ఒక్క తూరికే ఎక్కింది."

నా ఛాతీకి ఎవరో పంపు పెట్టి గాలి కొట్టినట్టయింది. అయినా నాకు సందేహాలు ఆగవు కదా! "మరి పన్ను లోపలికి గూడ గట్లనే పడుతదా అమ్మా?"

"లోపలిది డెంటిన్. అది ఎప్పుడూ చెమ్మగా ఉంటాది. నిండా సన్నసన్న గొట్టాలు, వాటిలో నీళ్లు. దాన్ని పట్టించేది ఇంకా ఎవరికీ సరిగ్గా చేతకాలేదు. నీ అదృష్టం, నీ పంటికి చుట్టూ ఎనామెల్ అంచు మిగిలి ఉండాది."

మర్నాడు ఆరోగ్య కేంద్రంలో తన గదికి పిలిచి, ఎవరిదో పీకేసిన పన్ను చేతిలో పెట్టింది. దానికి ఒక ప్లాస్టిక్ ముక్క అతికించి ఉంది. "పట్టకారుతో లాగి చూడు" అంది. లాగాను. కాలు గోడకు తన్నిపెట్టి మరీ లాగాను. చివరికి ప్లాస్టిక్ నడిమికి విరిగింది గానీ, పంటిని పట్టుకున్న అడుగు మాత్రం కదల్లేదు. నా జన్మలో ఎన్నో ప్యాచ్‌లు వేశాను. అంత ముద్దుగా పట్టుకున్న ప్యాచ్ మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ పన్నును కళ్లకద్దుకుని వెనక్కిచ్చాను. ఎవరి పన్నో అడగనైనా లేదు.

అయితే ఆమె నెత్తిన ఒక కత్తి వేలాడుతోంది. ఆ చిన్న గది, ఆ కుర్చీ ఆమెకు ఉంచాలా, తీసేయాలా అన్నది పట్నంలోని పెద్ద డాక్టర్ల చేతిలో ఉంది. వాళ్లకు పెద్ద డాక్టర్ నరహరి గారు. పండిన మీసాలు, ఎవరి మాటా పూర్తిగా వినని చెవులు. "పీకేందుకు పట్టకారు చాలు, గీ ప్రయోగాలేందుకు?" అన్నది ఆయన వాదం. వాళ్లు వచ్చి చూసి ఒప్పుకోకపోతే ఆ గది మందుల గోడౌనవుతుంది. ఆటల్లో పన్ను విరగ్గొట్టుకున్న పిల్లలంతా మళ్లీ పీకించుకోవాలి, లేదా మంచి పన్నును కూడా అరగదీయించుకుని తొడుగు వేయించుకోవాలి. వాళ్ల ముందు చేసి చూపించడానికి ఆమెకు విరిగిన ముందుపన్ను ఒకటి కావాలి.

"నేనున్న గదమ్మా!" అన్నాను.

"అతికించినాక అరటిపండు కొరికి చూపిస్తే చాలు."

"అరటిపండా? అది పండ్లు లేనోళ్లు తినేది. నేను జామకాయ కొరుకుత. దోరది!"

ఆమె ఒప్పుకుంది. "సరే. కానీ ఆ పొద్దు పళ్లు బాగా తోముకోని రా. బీడీ వద్దు. పాన్ అసలే వద్దు."

ఇక్కడ నా గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. పొద్దున్నే ఖాసీం భాయ్ డబ్బా దగ్గర పాన్ వేసుకోకపోతే నాకు తెల్లవారినట్టుండదు. ఆ రోజు కూడా కాళ్లు వాటంతటవే అక్కడికి వెళ్లాయి. ఆయన అలవాటుగా ఆకు చుట్టి, విడిపోకుండా లవంగం గుచ్చి చేతిలో పెట్టాడు. నాకు డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. మాట తప్పే మనిషిని కాదు. పాన్ వెనక్కిచ్చేశాను. లవంగం మాత్రం పీకి బుగ్గలో పెట్టుకున్నాను.

"అరె యాదగిరి, ఆకిడిసిపెట్టి మేకు తింటున్నవేందిరా భాయ్?"

"పాన్ వద్దన్నది డాక్టరమ్మ. లవంగం వద్దనలే."

నా దగ్గర శాస్త్ర ప్రమాణం కూడా ఉంది. ఎవరో కుర్రాడు వదిలిపోయిన వృక్షశాస్త్రం పుస్తకంలో లవంగనూనె పంటినొప్పిని తగ్గిస్తుంది, క్రిములను చంపుతుంది అని చదివాను. ఆ తర్వాతి పేజీ తిప్పేలోగా వాడు వచ్చి పుస్తకం లాక్కుపోయాడు. దేశంలో చదువులు ఇలా తగలడడానికి కారణం ఇలాంటి తొందరపాటు మనుషులే.

వేళకు నలుగురూ వచ్చి కూర్చున్నారు. నేను కుర్చీలో. నా ఒళ్లో చేతి అద్దం, పక్కన బల్ల మీద పళ్లెంలో దోర జామకాయ. నా నోట్లో లవంగం వాసన ఆమెకు తెలియలేదా అంటారేమో. ఆ రోజుల్లో పళ్ల డాక్టర్లంటేనే లవంగనూనె వాసన. నలుగురి కోట్లూ గుప్పుమంటున్నాయి. వాళ్ల మధ్య నా ఒక్క లవంగం ఏపాటిది?

ఆమె పని మొదలుపెట్టింది. చూడాల్సిన చేతులవి! తొందర లేదు, వణుకు లేదు. పంటి చుట్టూ దూది పెట్టింది. యాసిడ్ చుక్కను ముత్యంలా పంటి అంచున నిలబెట్టింది. కాసేపు ఆగి, నీళ్లతో కడిగి, రబ్బరు బుడ్డితో గాలి ఊది ఆరబెట్టింది. "చూడండి సార్, సుద్దముక్క మాదిరి తెల్లబడింది. రెజిన్ దిగేది ఈ తెలుపులోకే" అని వాళ్లకు చూపించింది. నాతో మాత్రం మెల్లగా, "తాకొద్దు. నాలుక కూడా" అంది.

అప్పుడు నరహరి గారు ఏదో ప్రశ్న వేశారు. ఆమె నల్లబోర్డు దగ్గరికి వెళ్లి పంటి బొమ్మ గీయడం మొదలుపెట్టింది. నలుగురూ అటు తిరిగారు. నేను అద్దం ఎత్తి చూసుకున్నాను.

మెరిసే పన్ను కాస్తా గోడకు వేసిన సున్నంలా ఉంది. యాసిడ్ గురించి నాకన్నా ఎక్కువ తెలిసినవాడెవడు? ఆ చాప్టరు మొత్తం చదివాను! పన్ను మాడిపోయింది, కాసేపట్లో బొడబొడ రాలిపోతుంది అని తేల్చేశాను. విరుగుడేమిటి? క్షారాల చాప్టరు చదవలేదాయె. బుగ్గలో లవంగం ఉందాయె. రెండు వేళ్లతో దాన్ని బయటికి తీశాను. అప్పటికే బాగా నాని నూనె ఊరుతోంది. దాంతో ఆ తెల్లటి చోటును ఆ చివర నుంచి ఈ చివర దాకా రుద్ది, మళ్లీ బుగ్గలో దాచేశాను.

ఎవరు? ట్యూబు మీద ఆడమనిషి వేలు పడబోతే ఎగిరి గంతేసిన యాదగిరి!

"జల్దీ కానియ్యమ్మా, చాయ్ సల్లారుతున్నది" అన్నారు నరహరి గారు. ఆమె వచ్చి రెజిన్ పొడి, ద్రవం కలిపింది. కలిపాక అది ఆగదు, వెంటనే పూయాలి.

"నాలుక తగిలించలేదు కదా?"

"ఆ ఆ" అన్నాను, నోరు తెరుచుకునే. అబద్ధం కాదు. నాలుక తగల్లేదు.

సన్నటి కుంచెతో ఇంత, ఇంత అద్దుతూ విరిగిన మూలను కట్టింది. గట్టిపడ్డాక నునుపు చేసింది. అద్దంలో చూస్తే పన్ను నా చిన్నప్పటి పన్ను! ఒక డాక్టరు "భేష్" అన్నాడు. నరహరి గారి మీసం కూడా కొంచెం మెత్తబడింది. ఆమె జామకాయ నా చేతికిచ్చింది. నేను సభకు నమస్కారం చేసి, కసుక్కున కొరికాను.

జామకాయ బయటికి వచ్చింది. దాని మీద నా పంటి గాట్లు. ఆ గాట్ల మధ్యలో, గుడిగోపురం మీద కలశంలా, తళతళలాడుతూ నా కొత్త పన్ను.

నరహరి గారు లేచి వచ్చి, జామకాయను అటూ ఇటూ తిప్పి చూశారు.

"క్యా బాత్ హై అమ్మా! పంటికి పట్టలేదు గానీ, జామకాయకు మస్తు పట్టింది."

మిగతా ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఆమె ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూశాక నా పన్ను గొడవే మర్చిపోయాను.

"గందుకే చెప్తున్న," అన్నారు ఆయన, "గీ ప్లాస్టిక్ బేకార్. నా క్లినిక్‌ల గూడ ఏసి చూసిన. పైన రాయి లెక్క ఉంటది, అడుగున హల్వా."

ఇంకొకరైతే అక్కడే ఏడ్చి ఉండేవారు. ఆమె చివ్వున తలెత్తింది.

"అడుగునేనా సార్? పైన గట్టిపడి, అడుగున మాత్రమేనా?"

"హా, అడుగుననే. ఏమైతది?"

ఆమె జామకాయ నుంచి ముక్కను ఊడదీసింది. పైభాగం గోటితో కొట్టింది, టక్కుమంది. అడుగున గోరు పెట్టింది, దిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"యాదగిరీ, నోట్లో ఏం పెట్టుకున్నావప్పా?"

"ఏం లేదమ్మా!"

సాక్ష్యం మింగేద్దామనుకున్నాను. లవంగం గొంతుకు అడ్డం పడింది. కళ్లు తేలేశాను. నరహరి గారు నా వీపు మీద ఒక్క చరుపు చరిచారు. లవంగం తూటాలా వెళ్లి స్టీలు ట్రేలో టంగుమని పడింది. గుడిగంట కూడా అంత స్పష్టంగా మోగదు.

"పాన్ వద్దన్నరు... లవంగం వద్దనలేదు గదమ్మా..." అని నసిగాను. రుద్దిన సంగతి కూడా చెప్పేశాను. "నూనె తగలకూడదని మీకు నేనే చెప్పిన. గది ట్యూబు ముచ్చట అనుకున్న."

ఆమె నన్ను తిట్టలేదు. "తెలుపు తగ్గినట్లు నాకూ కనిపించింది. వెలుతురేమో అనుకున్నా" అని, నరహరి గారి వైపు తిరిగింది. "సార్, లవంగనూనె పొర ఉంటే రెజిన్ పంటి గుంతల్లోకి దిగదు. అది తగిలిన చోట గట్టి కూడా పడదు. మీరు రెజిన్ వేసేముందు పుప్పిపంటి గుంతలో అడుగున ఏం మందు పెడతారు?"

"ఏముంటది, లవంగనూనె కలిపిన పేస్టే. నా సర్వీసు మొత్తం గదే పెడుతు..."

వాక్యం అక్కడే ఆగిపోయింది. పండిన మీసాలు కిందికి వాలాయి. ఆయన మెల్లగా తన కోటు చేతిని పైకెత్తి వాసన చూసుకున్నారు. తర్వాత పకపకా నవ్వారు. చూడండి, పెద్దరికం అంటే అది. తన మీద తానే నవ్వగలిగినవాడి మాట వినబుద్ధేస్తుంది.

"మళ్ల పెట్టమ్మా! గీ కోతి చేతులు నేను పట్టుకుంట!"

ఆమె నా పన్నును గీకి, శుభ్రం చేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పట్నం మొత్తానికి పెద్ద పళ్ల డాక్టరు నా రెండు మణికట్లూ పట్టుకుని, దొంగను పట్టిన జవానులా నా పక్కన నిలబడ్డారు. పన్ను సుద్దలా తెల్లబడింది. ఈసారి నాకు భయం వేయలేదు. కంటికి కనపడని ఆ గుంతలు, వాటిలోకి దిగే వేళ్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. చాయ్ చల్లారిపోయింది. ఎవరూ అడగలేదు.

జామకాయ రెండోవైపు తిప్పి ఇచ్చారు. కళ్లు మూసుకుని కొరికాను. కరుక్కుమంది.

విరిగింది జామకాయ. పన్ను నా నోట్లోనే ఉంది.

నరహరి గారు వేలితో ఆ పన్నును కదిపి చూశారు. గోటితో లాగారు. చివరికి, "గది తాళం నీ దగ్గరనే ఉంచుకో బిడ్డా. రేపు మా క్లినిక్‌కు రా. నాకు గూడ నేర్పుదువు" అన్నారు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. అదేమిటని అడిగితే యాసిడ్ ఘాటు అన్నాను.

ఆ ముక్క అరిగినప్పుడల్లా ఆమే మళ్లీ వేసింది. ఆమె చేతిలో క్యాంపస్ పిల్లల పళ్లు ఎన్ని నిలబడ్డాయో! ఇప్పుడు చెమ్మగా ఉండే డెంటిన్‌ను కూడా పట్టించే మందులొచ్చాయట. రావాల్సిందే, నాకు సంతోషమే. కానీ లేటెస్టు, లేటెస్టు అని ఎగిరే కుర్రాళ్లు ఒక్కసారి తెలుసుకోవాలి, ఆ మొదటి గుంతల్లోకి దిగిన మనుషులెవరో.

ఆ రోజు సభ ముగిసేముందు ఇంకొకటి జరిగింది. నరహరి గారు సంబరంగా కోటు జేబులోంచి వెండి డబ్బా తీసి, అందరికీ పాన్లు పంచారు. నా వంతు నా చేతిలో పెట్టారు. చక్కగా చుట్టిన ఆకు. దాని నడుమ నిటారుగా గుచ్చిన లవంగం.

గదిలో ఐదుగురు డాక్టర్లూ నా నోటి వంకే చూస్తున్నారు. నేను లేచి నిలబడి, కుడిచెయ్యి పంటి మీద పెట్టుకుని ఒట్టేశాను. తార్నాక సాక్షిగా, వారాసిగూడ సాక్షిగా, సగం కొరికిన ఆ జామకాయ సాక్షిగా, ఈ కట్టె కాలేదాకా లవంగాన్ని నా పెదవి దాటనివ్వను. ఇంతవరకూ దాటనివ్వలేదు. ఈ ఊళ్లో ఉంటూ, బిర్యానీ ముందు కూర్చుని, మెతుకు మెతుకూ వెతికి లవంగాలు ఏరి పళ్లెం అంచున పేర్చుకునే మనిషి ఎక్కడైనా మీకు కనబడితే, అతను పిసినారీ కాదు, పిచ్చివాడూ కాదు. ఒకసారి నవ్వమనండి. ముందుపన్ను చూపిస్తాడు.